దొరగారి దాహం

మార్చి 3, సోమవారం

దొరగారిని ఆసుపత్రిలోనే ఉంచేసుకున్నారు.

నాన్న పిల్లికి ఆ పేరు ఊరికే రాలేదు. మత్తు పూర్తిగా దిగకముందే, ఒంట్లో గొట్టంతో బోనులో పడుకుని కూడా నర్సుని జీతం పెంచమని అడగడానికొచ్చిన పనిమనిషిని చూసినట్టు చూశారు.

పొద్దున్న ఇసుక ట్రేలో కూర్చుని ముక్కుతుంటే మలబద్ధకం అనుకున్నాను. మా మందుల షాపులో ఏ సిరప్పు ఉందా అని ఆలోచించడం కూడా మొదలుపెట్టాను. నాన్న మాత్రం వాణ్ణి తన తువ్వాల్లో చుట్టుకుని, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అదే మంచిదైంది. మూత్రం దారి పూర్తిగా మూసుకుపోయిందట.

"ఏం పెడుతున్నారు వీడికి?" అంది డాక్టరమ్మ.

"ఎండు గింజలు. చిన్నప్పట్నుంచీ అవే" అన్నాడు నాన్న.

"నీళ్ళు?"

నాన్న నేల చూశాడు. డాక్టరమ్మ నిట్టూర్చింది. పిల్లులకి దాహం తక్కువట, తినే తిండిలోంచే నీళ్ళు తీసుకునే జాతట. ఎండు గింజల్లో నీళ్ళెక్కడుంటాయి? "మెల్లగా తడి తిండికి మార్చండి. ఇంట్లో నాలుగైదు చోట్ల వెడల్పాటి గిన్నెల్లో నీళ్ళు పెట్టండి. తిండి పక్కన కాదు, ట్రే పక్కన అసలే వద్దు. మళ్ళీ మూసుకుపోయి, మీరు ఆలస్యం చేస్తే మాత్రం దక్కడు."

"అలాగేనమ్మా" అన్నాడు నాన్న.

ఈమధ్య ఆయన నోట్లోంచి వచ్చే మాట అదొక్కటే. ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంటమాస్టరుగా ఉన్నప్పుడు ఆయన గొంతు గేటు దాకా వినబడేది. ఒంటరిగా ఉన్న అద్దె గదిలో కళ్ళు తిరిగి పడిపోయాక, ఆ గది ఖాళీ చేయించి నేనే తీసుకొచ్చాను. ఒక పెట్టె, ఒక పిల్లి, ఆయన కూరగాయల కత్తి. ఆయన డాక్టరు కూడా ఇదే చెప్పాడు: ఉప్పు తగ్గించాలి, వేపుళ్ళు మానాలి, నీళ్ళు బాగా తాగాలి. ఇంట్లో ఇద్దరు ముసలాళ్ళు, ఇద్దరికీ ఒకటే మందుచీటీ. నవ్వొచ్చింది. నవ్వకపోతే ఏడుపొచ్చేది.

అదే రోజు, సాయంత్రం

మా ఆయన డ్యూటీ నుంచి తుమ్ముకుంటూ వచ్చారు. లిఫ్టులు బాగుచేసే మనిషికి గ్రీజు పడుతుంది, దుమ్ము పడుతుంది, పిల్లి వెంట్రుక మాత్రం పడదు.

"ఇంత చాకిరీ మనవల్ల అవుతుందంటావా, మందులమ్మా?" అన్నారు వంటింట్లో.

"చెప్పినట్టు వింటే ఉంటుంది. వినకపోతే చూసుకోగలిగేవాళ్ళకి ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నాను. అలసిపోయి ఉన్నాను.

నాన్న మంచినీళ్ళకని గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. తీరా నీళ్ళు పట్టుకోకుండానే వెనక్కి వెళ్ళిపోయాడు. మతిమరుపు మొదలైందేమో. దానికీ ఒక టానిక్కుంది, రేపు తేవాలి.

మార్చి 6, గురువారం

దొరగారు ఇంటికి విచ్చేశారు. హాల్లో ఒకటి, మా గదిలో ఒకటి, నాన్న గదిలో ఒకటి, బాల్కనీలో ఒకటి, బట్టల మెషీను దగ్గర ఒకటి: గిన్నెలన్నీ పెట్టేశాను. దొరగారు ఒక్కోదాని దగ్గరికీ వెళ్ళి, వాసన చూసి, కాలు విదిలించి ముందుకు సాగారు. ఇన్‌స్పెక్షనుకి వచ్చిన ఆఫీసర్లాగే.

మా ఆయన మాత్రం వాటిలో రెండింట్లో కాలు పెట్టారు. ఇవాళ ఈ ఇంట్లో నీళ్ళు ముట్టిన ప్రాణి ఆయనొక్కరే.

మార్చి 8, శనివారం

మెల్లగా మార్చమంది గానీ, చెడ్డదని తెలిశాక ఇంకా పెట్టడమేమిటి? గింజల సంచి తీసుకెళ్ళి చెత్త బండిలో వేసేశాను. నేను ఏదైనా చేస్తే పూర్తిగా చేస్తాను. నాన్న వేపుళ్ళ మూకుడు కూడా అటక మీదికి వెళ్ళింది.

నాన్న ఏమన్నాడో రాయక్కర్లేదు. అలాగే తల్లీ.

టిన్నులో వచ్చే తడి తిండి పెట్టాను. డాక్టరమ్మ చెప్పిన రకమే, ఖరీదైనదే. దొరగారు దానివైపు చూసి, నావైపు చూసి, దాన్ని పూడ్చిపెడుతున్నట్టు పక్కన నేలని గీకారు. నాన్న అదేపనిగా వాడి వీపు నిమిరాడు. నాన్నకి పెట్టిన ఉప్పులేని సూప్ కూడా చాలాసేపు అలాగే ఉంది. తర్వాత చూస్తే గిన్నె ఖాళీ. మొండివాడనుకున్నాను గానీ ఎంత మారిపోయాడో.

మార్చి 10, సోమవారం

ఇవాళ పెద్ద గండం తప్పింది.

షాపు నుంచి వచ్చేసరికి ఇల్లంతా ఘుమఘుమలు. నాన్న పొయ్యి దగ్గర నిలబడి కోడి ఎముకలు మరిగిస్తున్నాడు. నాకు ఆకలి పుట్టుకొచ్చింది.

"వాడికే తల్లీ. ఉత్త నీళ్ళు ఎవరు తాగుతారు? దీన్ని చల్లార్చి పెడితే లొట్టలేసుకుంటూ తాగుతాడు" అన్నాడు. ఇక్కడికొచ్చాక ఆయన ముఖంలో అంత వెలుగు చూడ్డం అదే మొదలు.

"ఏమేం వేశావు?"

"ఏముంది, ఉల్లిపాయ, వెల్లుల్లి..."

గరిటె లాక్కున్నాను. "నాన్నా! ఉల్లి, వెల్లుల్లి పిల్లులకి విషం! నెత్తురు పాడైపోతుంది! కనుక్కోకుండా ఎందుకు చేస్తావు?"

గిన్నె మొత్తం ఆయనే సింకులో పోశాడు. జీవితమంతా ఉల్లిపాయ వేయించనిదే ఏ వంటా మొదలుపెట్టని మనిషి. అంత గట్టిగా అరవకుండా ఉండాల్సింది. కానీ వాడు ఒక్క గుటక వేసుంటే ఏమయ్యేది?

నాన్న బాల్కనీలోకి పోయి తల పట్టుకుని కూర్చున్నాడు. ఎండకి తలనొప్పి వచ్చుంటుంది.

మార్చి 11, మంగళవారం

నీళ్ళూ ముట్టలేదు. టిన్నూ ముట్టలేదు. నాకు భయంగా ఉంది.

మార్చి 14, శుక్రవారం

తాగాడు!

సిరప్పు సీసాలకి అంటించే లేబులు ముక్క హాల్లో గిన్నెకి అంటించి, నీళ్ళ మట్టం దగ్గర గీత పెట్టాను నిన్న. ఈ పూట చూస్తే గీతకి వేలెడు కిందికి దిగింది! టిన్ను పెట్టిన పళ్ళెం కూడా తుడిచినట్టు శుభ్రంగా ఉంది. దేన్నైనా కొలిస్తేనే దారికొస్తుందని షాపులో అందరికీ చెబుతుంటాను. ఊరికే చెబుతానా?

"చూశావా నాన్నా, కాస్త కచ్చితంగా ఉంటే చాలు" అన్నాను.

"నీ పట్టుదల తల్లీ" అన్నాడు.

మార్చి 17, సోమవారం

మళ్ళీ వేలెడు. మళ్ళీ పళ్ళెం ఖాళీ. నాన్న సూప్ గిన్నె కూడా ఖాళీ. ఇంట్లో ఇద్దరు బుద్ధిమంతులున్నారు. లెక్కకి మూడోవాడు కూడా ఉన్నారుగానీ, మా ఆయన ఫ్రిజ్‌లో చాక్లెట్లు దాచుకుంటున్నారు.

బాల్కనీలో మొక్క ఎండిపోతుందని మొన్నే పారేద్దామనుకున్నాను. కొత్త చిగుళ్ళు వేసింది. ఈ ఇంటికి మంచి రోజులొచ్చాయి.

మార్చి 19, బుధవారం

డాక్టరమ్మకి ఫోన్ చేసి గొప్పలు చెప్పుకున్నాను.

"టిన్ను మొత్తం తింటున్నాడా? పైగా గిన్నెలో అన్ని నీళ్ళు తాగుతున్నాడా?" అంది. "తడి తిండి తినేవి మామూలుగా గిన్నె జోలికి అంతగా పోవే."

మామూలు పిల్లులు పోవేమో. మా దొరగారు మామూలు పిల్లా?

"ట్రేలో మూత్రం తడికి ఇసుక ముద్దలు పెద్దవిగా కడుతున్నాయా?" అని కూడా అడిగింది. కడుతున్నాయనే చెప్పాను. ట్రే నాన్నే శుభ్రం చేస్తాడు, నన్ను దాని దగ్గరికి రానివ్వడు. నడుం వంచడం మంచి వ్యాయామమట.

మార్చి 21, శుక్రవారం

నాన్న చొక్కా ఉతుకుదామని తీస్తే జేబులో ఉప్పు వేరుశనగలు నాలుగు. పాతవే అయ్యుంటాయి.

మార్చి 24, సోమవారం

మళ్ళీ మూసుకుపోయింది.

మధ్యాహ్నం షాపుకి నాన్న ఫోన్ చేశాడు. "వచ్చెయ్" అన్నాడంతే. కౌంటరు ముందున్న మనిషి చేతిలో మాత్రలు పెట్టి, చిల్లర కూడా ఇవ్వకుండా పరుగెత్తాను.

డాక్టరమ్మ వాడి మెడ మీది చర్మం పైకి లాగి వదిలింది. గుడారంలా అలాగే నిలబడి, నెమ్మదిగా దిగింది. ఒంట్లో నీళ్ళు లేవంది.

"తాగుతున్నాడన్నారు?"

"తాగుతున్నాడండీ! నేను గీత పెట్టి మరీ చూస్తున్నాను. రోజూ దిగుతోంది."

వాణ్ణి లోపలికి తీసుకెళ్ళిపోయారు. ఈసారి గట్టిగా ఏమీ చెప్పలేనంది. బయట బల్ల మీద నేనూ నాన్నా మిగిలాం. నేను గీత గురించే ఇంకా ఏదో అంటున్నాను. గిన్నెకి ఎక్కడైనా చిల్లుందేమో, ఎండకి ఆవిరైందేమో అని.

"నేనే పారబోశాను" అన్నాడు నాన్న.

నాకు అర్థం కాలేదు.

"మొక్కలో పోసేవాణ్ణి. ఆ టిన్నులు కింద వీధి పిల్లులకి వేసేవాణ్ణి. మాడి చస్తాడేమోనని నా పెట్టెలో ఇంకో పొట్లం గింజలుంటే అవే పెట్టాను. నీ సూప్ కూడా తాగలేదు తల్లీ. అదీ మొక్కకే."

అరిచాను. ఏమన్నానో అంతా ఇక్కడ రాయను. వాడి ప్రాణం నీ చేతుల్లో ఉందని తెలిసీ ఎలా చేశావన్నాను. నాకు అబద్ధం చెప్పడానికి నీకు నోరెలా వచ్చిందన్నాను. ఆ వరండాలో కుక్కపిల్లని ఒళ్ళో పెట్టుకున్న ఒకాయన లేచి దూరంగా వెళ్ళి కూర్చున్నాడు. నేను ఆగిపోయాక నాన్న చెప్పాడు, మెల్లగా, ఫిర్యాదులా కూడా కాదు.

"ఆ రోజు వంటింట్లో అన్నావుగా, చెప్పినట్టు వింటే ఉంటుంది, లేకపోతే ఇచ్చేద్దామని. వాడు వినట్లేదు. నేనూ వినట్లేదు. మా ఇద్దరిదీ ఒకటే కేసు. రేపో మాపో దారికొస్తాడులే, ఈలోగా వింటున్నట్టు కనబడితే చాలనుకున్నాను."

"నిన్నెక్కడికి పంపిస్తాననుకున్నావు నాన్నా?"

"పంపిస్తావని కాదు. పంపించాలని నీకు అనిపించే అవసరం రాకూడదని."

మార్చి 25, మంగళవారం

వాడు ఉన్నాడు. ఇంకా ఏమీ చెప్పలేమన్నారు.

మార్చి 26, బుధవారం

గొట్టం బాగానే పనిచేస్తోందట. రేపు తీసి చూస్తారు.

డాక్టరమ్మ నన్నూ వదల్లేదు. "మెల్లగా మార్చమన్నానా లేదా? ఒక్కసారిగా గింజలు మానిపిస్తే ఏ పిల్లి ఊరుకుంటుంది? మీరు మందుల షాపే కదా నడిపేది? కొన్ని మాత్రలు ఉన్నట్టుండి ఆపకూడదని మీరే చెబుతారు కదా జనానికి?" అంది. తల దించుకుని విన్నాను. చెబుతాను. రోజూ చెబుతాను.

నాన్న పడిపోయిన రోజు నుంచీ నాకు ఒకటే భయం. ఆయన ఉన్నట్టుండి నాకు లేకుండా పోతాడని. ఉప్పు డబ్బా ఎత్తిపెట్టినా, మూకుడు అటక ఎక్కించినా ఆ భయమే. అది నోటితో చెప్పడం చేతకాక గీతలు గీశాను. ఆయనకి మాత్రం కూతురి భయం కనబడలేదు, ఇంటి యజమానురాలు కనబడింది.

ఇంటికొచ్చాక చెప్పాను. "నాన్నా, ఇది నీ ఇల్లు. నువ్వు విన్నా, వినకపోయినా ఇక్కడే ఉంటావు. పిల్లి కూడా."

"అలాగే తల్లీ" అన్నాడు.

నా ఎదురుగా కూర్చుని సూప్ మొత్తం తాగాడు, శిక్ష అనుభవిస్తున్నట్టు చివరి చెంచా దాకా. మందు మింగుతున్న చిన్నపిల్లాడిలా కళ్ళు మూసుకుని. నాకు చూడబుద్ధి కాలేదు. వాడు బతికినా, నాన్న ఇలాగే ఉండిపోతే నేనేం చెయ్యను?

"ఒక్క మాట చెబితే నమ్మేస్తారా? కొన్నాళ్ళు పోనీ" అన్నారు మా ఆయన.

మార్చి 28, శుక్రవారం

వాడు ఇంటికొచ్చాడు! బక్కచిక్కి, ముందుకాలి దగ్గర బొచ్చు గొరిగించుకుని, అయినా తల ఎత్తే నడుస్తున్నాడు.

ఈసారి డాక్టరమ్మ నాతో కాదు, నాన్నతో మాట్లాడింది. గింజలు ఒక్కసారిగా మానిపించొద్దు, రోజురోజుకీ తగ్గిస్తూ టిన్ను తిండి కలుపుతూ పోవాలి. కోడిమాంసం ఉడికించిన నీళ్ళు పెట్టొచ్చు, ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి, మసాలా ఏవీ తగలకూడదు. నాన్న మళ్ళీ మళ్ళీ అడిగి తెలుసుకున్నాడు. "మిరియాలో?" అని కూడా అడిగాడు. ఆవిడ నవ్వింది.

లేబులు ముక్క గిన్నె మీంచి పీకేశాను.

మార్చి 29, శనివారం

టిన్ను తిండి ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే పెట్టేదాన్నట నేను. "చల్లటి మెతుకు నీకు పెడితే నువ్వు తింటావా?" అన్నాడు నాన్న, కానీ నెమ్మదిగానే. గోరువెచ్చని నీళ్ళు కలిపి, జారుగా చేసి, పైన నాలుగు గింజలు నలిపి చల్లాడు. వాడు ముందు గింజలు నాకాడు. తర్వాత వాటి కింద ఉన్నదీ కొంచెం నాకాడు. కొంచెమే.

సాయంత్రం ఇంకొక రకం టిన్ను. దాన్ని చూసి వాంతి చేసుకోబోయాడు. నాన్న ఎక్కడా ఏమీ దాచలేదు. పళ్ళెం తెచ్చి నాకు చూపించాడు. "ఇది తినలేదు తల్లీ."

"పోనీలే నాన్నా, రేపు చూద్దాం" అన్నాను. ఆ మాట అనడం నాకూ కొత్తే.

మార్చి 31, సోమవారం

షాపులో రద్దీగా ఉంది. ఫోన్ మోగింది. నాన్న పేరు. కంగారులో స్పీకరు నొక్కేశాను.

"పోశాడు తల్లీ!" క్యాంటీన్ గొంతు. "ఇంత ముద్ద కట్టింది! కొబ్బరికాయంత! ఉండు, ఫోటో పంపిస్తాను!"

కౌంటరు ముందు నిలబడ్డవాళ్ళంతా నన్నే చూస్తున్నారు. దగ్గు మందు కోసం వచ్చిన ఒక పెద్దావిడ "మనవడా అమ్మా?" అని అడిగింది. అవునన్నాను. మగబిడ్డ పుట్టాడన్నంత సంతోషంగా ఉంది, ఇంకేం చెప్పను? ఫోటో కూడా వచ్చింది. దాచుకున్నాను.

ఏప్రిల్ 1, మంగళవారం

టిన్ను తిండి అరపళ్ళెం. కోడి నీళ్ళు గిన్నె అడుగు దాకా. నేను కళ్ళారా చూశాను, తుంపర మీసాలకి అంటుకుని ఉంది.

మొక్క వాడిపోతోంది.

ఏప్రిల్ 3, గురువారం

సాయంత్రం నాన్నకి సూప్ పెట్టాను. దొరగారు పక్కనే వెచ్చటి తిండి కడుపునిండా తిని ఒళ్ళు నాక్కుంటున్నారు. నాన్న ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. చెంచా బల్ల మీద పెట్టాడు, చప్పుడయ్యేలా.

"ఏమిటిది?"

"సూప్."

"సూప్ కాదిది. కూరగాయలు స్నానం చేసిన నీళ్ళు."

ఆయన నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. కాదు. ముఖం ఎర్రబడింది.

"ఆ పిల్లికేమో వేడి చేసి, వాసన చూసి, ముద్దముద్దకీ బతిమాలి పెడుతున్నాం. నేనేం పాపం చేశాను? రోజూ ఇదేనా నా మొహాన కొట్టేది?"

"ఉప్పు మానమన్నాడు కదా నాన్నా డాక్టరు!"

"ఉప్పు మానమన్నాడు. రుచి మానమన్నాడా? నిమ్మకాయ వద్దన్నాడా? మిరియాలు వద్దన్నాడా? అల్లం ఏం చేసింది ఆయన్ని? జరుగు అవతలికి!"

"నువ్వు కూర్చో, నేను..."

"నువ్వు మందులమ్ముకో, వంటజోలికి రాకు! నా ఇంట్లో ఇలాంటిది నేను తినను, ఎవర్నీ తిననివ్వను!"

నా ఇంట్లో అన్నాడు. అన్నట్టు ఆయనకి తెలియలేదు. అప్పటికే సూప్ గిన్నె పొయ్యి మీదికెక్కింది, అల్లం దంచుతున్నాడు, నిమ్మకాయ ఎక్కడ తగలేశావని నామీద కేకలేస్తున్నాడు. నేనూ ఊరుకోలేదు. తలుపుకి కుడిపక్క బుట్టలో ఉంది, కళ్ళు పెట్టి చూడు అని అరిచాను. అరవకు అన్నాడు. నువ్వే అరుస్తున్నావు అన్నాను. డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయన పనిముట్ల సంచి భుజాన అలాగే పెట్టుకుని, లోపలికి రావాలో వద్దో తెలియక గుమ్మంలో నిలబడిపోయారు.

పైవాటా ఆవిడ కంగారుగా దిగొచ్చింది.

"ఏమైందమ్మా? ఏంటీ గొడవ?"

"ఏం లేదండీ. మా నాన్న నన్ను తిడుతున్నాడు" అన్నాను.

ఆవిడ నావైపు వింతగా చూసి వెళ్ళిపోయింది. నవ్వుతూ చెప్పానట, తర్వాత మా ఆయన చెప్పారు.